పొగ లేని ఇల్లు

గోడ మీద చంద్రికకు చోటుందా, లేదా? పోయిన వారం ఆ ప్రశ్న దగ్గర ఆగాం.

న్యూ బ్రూనెన్ వెర్మాంట్‌లో కెనడా సరిహద్దును ఆనుకొని ఉన్న చిన్న ఊరు. నూట ముప్ఫయ్యేళ్ళ కిందట స్విట్జర్లాండ్‌లోని ఒక సరిహద్దు పల్లె నుంచి వచ్చిన పాడిరైతులు కట్టుకున్నది. పాతికేళ్ళకోసారి టౌన్ హాల్ లోపల పడమటి గోడ మీద ఊళ్ళో వాళ్ళందరి బొమ్మలూ కొత్తగా వేయించడం వాళ్ళ ఆనవాయితీ. ఎవరు ఊరివాళ్ళో తేల్చేది కాగితాలు కాదు, పొగ. ఫిబ్రవరి మొదటి మంగళవారం పొద్దున ఊళ్ళో అందరికన్నా పెద్దావిడ ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంటి నుంచి పొగ లేస్తోందో చూసి ఒక పుస్తకంలో రాస్తుంది. అందులో పేరెక్కినవాళ్ళు రంగులు వేసేలోగా కన్నుమూసినా గోడ మీద ఉంటారు.

హెర్న్‌డన్‌లో ముప్ఫయ్యేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి రిటైరైన లక్ష్మీపతి, జబ్బుపడిన భార్య కరగని మంచు చూడాలని కోరితే ఏడాదిన్నర కిందట ఈ ఊరికి తీసుకొచ్చాడు. ఒక చలికాలం గడిపి, ఏప్రిల్‌లో చంద్రిక వెళ్ళిపోయింది. అప్పటికే చిత్రకారుడు బొగ్గుతో ఆమె రూపం గోడ మీద గీసి ఉన్నాడు. రంగులు వేయాల్సింది వచ్చే మే నెలలో. అంతలో లాడ్జి యజమాని క్రెగ్ పొగ పుస్తకం తెరిచాడు. కిందటేడు ఫిబ్రవరి లెక్కలో లక్ష్మీపతి ఇంటి ఎదుట వరస ఖాళీగా ఉంది. పుస్తకంలో లేని పదకొండు మంది బొమ్మలూ తుడిచెయ్యాలని తీర్మానం పెట్టాడు.

ఆ తీర్మానం మీద ఓటు ఇవాళే.

మార్చి నెల మొదటి మంగళవారం. ఊరంతా సభ చేసి రోడ్ల నుంచి బడి దాకా అన్నీ చేతులెత్తి తేల్చుకునే రోజు. టౌన్ హాల్ గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ లక్ష్మీపతి ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూశాడు. చూరుల కింద కొలిచి కోసినట్టు పేర్చిన కట్టెలు, వరండాల్లో వేలాడే ఆవుల గంటలు, చెక్క ఇళ్ళ నుంచి నిటారుగా లేస్తున్న పొగలు. వాటి వెనక కొండ మీద అడవిని రెండుగా చీలుస్తూ చెట్లు కొట్టేసిన తెల్లటి గీత. అదే సరిహద్దు. ఆ గీతకు ఇవతల ఆఖరి ఇల్లు ఆయనది.

"నాన్నా, ప్లీజ్." స్మృతి ఆయన కోటు చెయ్యి పట్టుకుంది. ముందురోజు హెర్న్‌డన్ నుంచి పది గంటలు డ్రైవ్ చేసుకొని వచ్చిన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "నువ్వు జస్ట్ ఒక్క మాట చెప్పు. పొగ వచ్చింది అని. రాలేదు అని ఎవరు ప్రూవ్ చేస్తారు?"

"రాలేదని నాకు తెలుసు కదమ్మా."

"ఆ క్రెగ్‌కి తెలీదు కదా!"

"మీ అమ్మ ఉంటే ఏమనేది?"

"అమ్మ లేదు. అందుకే కదా ఈ ఫైట్ అంతా. నాకు అమ్మది ఒక్క ఫొటో కూడా లేదు, నవ్వుతూ. అన్నిట్లో సీరియస్‌గా ఉంటది, పాస్‌పోర్ట్ ఫొటోలాగ. ఆ గోడ మీద ఒక్కచోటే నవ్వింది."

అది నిజమే. గోడ మీద ప్రతి మనిషీ తన పనికి సంబంధించిన వస్తువు పట్టుకొని ఉంటారు. పక్కింటి వాల్టర్ చేతిలో పాలక్యాను, తపాలా ఉద్యోగి చేతిలో చలికి వేసుకునే చేతితొడుగులు. చంద్రిక అరచేతిలో ప్రెషర్ కుక్కర్ వెయిట్ ఉంది. వాళ్ళు వచ్చిన మూడో రోజున కుక్కర్ మూడో విజిల్ వేసేసరికి, ఇల్లు అంటుకుందని వాల్టర్ మంటలార్పే సిలిండర్ భుజాన వేసుకొని పరిగెత్తుకొచ్చాడు. పప్పన్నం తిని వెళ్ళాడు. ఆ కథ ఊరంతా పాకింది. కిందటేడు మార్చిలో బొమ్మ కోసం కూర్చోమన్నప్పుడు చిత్రకారుడు ఏం పట్టుకుంటారని అడిగితే చంద్రిక ఆ వెయిట్ తీసి చూపించి పకపకా నవ్వింది. అతను ఆ నవ్వే గీశాడు.

హాల్లో కుర్చీలు నిండిపోయాయి. వెనక బల్ల మీద మధ్యాహ్న భోజనానికి ఇంటింటి నుంచీ వచ్చిన పాత్రలు. బంగాళాదుంపల అట్లు, జున్ను దిమ్మెలు, వాటి మధ్య త్రివేణి తెచ్చిన పులిహోర ట్రే. దాన్ని ఊళ్ళో అందరూ పసుపన్నం అంటారు. త్రివేణిది కరీంనగర్. డాక్టర్లు రాని పల్లెల్లో పనిచేస్తానని వీసా మీద వచ్చి, నాలుగేళ్ళుగా ఈ ఊరి క్లినిక్ నడుపుతోంది. ఓటు లేనివాళ్ళకు విడిగా వేసిన పక్క కుర్చీల్లో కూర్చొని ఉంది.

వాల్టర్ వెనక నుంచి వంగి లక్ష్మీపతి చెవిలో అన్నాడు. "పతీ, మీ పొగగొట్టం నుంచి పొగ రావడం నేను చూశాను. అలా చెబుతాను. నా చూపు బాగుందని డాక్టరమ్మ కాగితం కూడా ఇచ్చింది."

"వాల్టర్, ఆ రోజు నువ్వు ఊళ్ళోనే లేవు. ఆవుల సంతకు వెళ్ళావు."

"అవునా?" వాల్టర్ గడ్డం గోక్కున్నాడు. "అయితే అక్కడి నుంచే చూశానంటాను."

లక్ష్మీపతికి నవ్వొచ్చింది. ఇలాంటి ఉదయాన కూడా నవ్వు రప్పించే మనిషి ఒకడు వెనక కుర్చీలో ఉన్నాడు. అది చాలనిపించింది.

సభ నడిపే రూత్ చెక్క సుత్తితో బల్ల మీద కొట్టింది. మంచు తీసే బండికి కొత్త టైర్లు పది నిమిషాల్లో తేలిపోయాయి. బడి పైకప్పు ఇంకో పది. తరవాత ఏడో అంశం అంది.

క్రెగ్ లేచాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ మడతలతో చొక్కా. కనెక్టికట్ నుంచి వచ్చి లాడ్జి కొని ఆరేళ్ళయింది. గోడ మీద లాడ్జి తాళాల గుత్తి పట్టుకొని మొదటి వరసలోనే ఉన్నాడు.

"నాకెవరి మీదా కోపం లేదు. లక్ష్మీపతి గారంటే నాకు గౌరవం," అన్నాడు. "కానీ ఈ ఊరికి చారిత్రక గ్రామమని గుర్తింపు కోసం అర్జీ పెట్టాం. మా గోడ వెనక నూట ముప్ఫయ్యేళ్ళ పొగ పుస్తకం ఉందని అందులో రాశాం. చూడ్డానికి వచ్చేవాళ్ళు పుస్తకం తెరిచి గోడ వంక చూస్తారు. పుస్తకంలో లేని మొహాలు గోడ మీద ఉంటే మనం చెప్పేదంతా కట్టుకథ అయిపోతుంది. నియమం నేను పెట్టింది కాదు. మీ తాతలు పెట్టింది." లక్ష్మీపతి వైపు తిరిగాడు. "ఆ ఉదయం మీ పొగగొట్టం నుంచి పొగ వచ్చిందా, సర్?"

స్మృతి తండ్రి మోచేతిని గట్టిగా నొక్కింది. లక్ష్మీపతి ఆ చేతి మీద తన చెయ్యి ఒకసారి వేసి, నిలబడ్డాడు.

"రాలేదు," అన్నాడు.

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. స్మృతి కళ్ళు మూసుకుంది. వాదన మొత్తం చేతిలో సిద్ధంగా పెట్టుకొని వచ్చిన క్రెగ్‌కు ఆ కాగితాలు ఏం చెయ్యాలో తోచలేదు.

"పొయ్యి ఆర్పింది నేనే," అన్నాడు లక్ష్మీపతి. ఆయన గొంతు పెద్దది కాదు. అందుకని వెనక వరసల వాళ్ళు ముందుకు వంగారు. "నవంబరులో ఆర్పాను. మళ్ళీ వెలిగించలేదు. కట్టెల పొగకు నా భార్యకు రాత్రంతా దగ్గు వచ్చేది. డాక్టరమ్మ వద్దంది. నాలుగు గదుల్లో నాలుగు కరెంటు హీటర్లు పెట్టాను. మీ ఆచారం అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉన్నా ఆర్పేవాణ్ణే."

"అది మాకు అర్థమవుతుంది..." క్రెగ్ మొదలుపెట్టాడు.

"నేనింకా పూర్తి చెయ్యలేదు." అది విని రూత్ కూడా సుత్తి మీది చెయ్యి తీసేసింది. ఏడాదిన్నరలో ఆ మనిషి ఎవరి మాటకూ అడ్డం రావడం ఊరు చూడలేదు. "మీ పెద్దలు పొగనే ఎందుకు చూసేవారో ఆ పుస్తకం రాసే ఎల్స్‌బెత్ గారు నాకు చెప్పారు. వాళ్ళు వదిలి వచ్చిన ఊరు కూడా సరిహద్దు మీదిదే. రాజ్యం మారినప్పుడల్లా కాగితాలు మారేవి. నిన్న ఊరివాడన్న మనిషిని ఇవాళ పరాయివాడనేవారు. అందుకని వాళ్ళు కాగితం చూడ్డం మానేశారు. పొగ లేస్తోందంటే ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఇంకొకరిని చలి నుంచి కాపాడుతున్నారని లెక్క. నేను చేసిందీ అదే. మీరంతా పొయ్యి వెలిగించి చేశారు, నేను ఆర్పి చేశాను. అంతే తేడా."

ఎవరో వెనక దగ్గారు. ఆ దగ్గు చప్పుడు హాలంతా వినిపించింది.

"తుడవాలని మీరు ఓటేస్తే తుడవండి. నేను అడ్డుపడను, కోర్టుకు వెళ్ళను. కానీ సిగ్గుపడను, క్షమాపణ అడగను, ఊరొదిలి వెళ్ళను. పాతికేళ్ళ తరవాత మళ్ళీ గోడ వేస్తారు కదా, అప్పటికి నాకు తొంభై రెండు. కర్ర పట్టుకొని వచ్చి మళ్ళీ ఇక్కడే నిలబడి అడుగుతాను. నా భార్య బొమ్మ ఎక్కడ అని."

కూర్చున్నాడు. ముందు వరసలోని ముసలావిడ ఒకరు వెనక్కి తిరగకుండానే భుజం మీదుగా ఒక పిప్పరమెంటు అందించింది. లక్ష్మీపతి తీసుకొని నోట్లో వేసుకున్నాడు.

పక్క కుర్చీల్లోంచి త్రివేణి చెయ్యెత్తింది.

"ఓటరు కాని వ్యక్తి మాట్లాడాలంటే సభ ఒప్పుకోవాలి," అంది రూత్. "ఎవరికైనా అభ్యంతరమా?"

"నాకు," అన్నాడు క్రెగ్. "నియమం నియమమే."

"అయితే మూడింట రెండు వంతుల చేతులు లేవాలి. డాక్టర్ త్రివేణి మాట్లాడవచ్చు అనేవాళ్ళు?"

లేచిన చేతులు లెక్కపెట్టాల్సిన అవసరం రూత్‌కు కలగలేదు. ఆ హాల్లో త్రివేణి దగ్గర నాలుక చాపి చూపించని మనిషి లేడు. క్రెగ్ భార్య నోరా కూడా భర్త వంక చూడకుండా చెయ్యెత్తింది.

త్రివేణి మైకు అందుకొని, ముందు లక్ష్మీపతి వైపు తిరిగింది. "అంకుల్, రథసప్తమి సంగతి ఎందుకు చెప్తలేరు?"

"వాళ్ళు అడిగింది పొగగొట్టం గురించి కదమ్మా."

"మీరు గట్లనే ఉంటరు. అడిగినంతే చెప్తరు. ఆంటీ ఊకెనే తిట్టేదా మిమ్మల్ని? నేను చెప్త, కూసోండి."

"తెలుగులో ఏమన్నారు?" అంది రూత్.

"డాక్టరు గారు నన్ను తిట్టారు," అన్నాడు లక్ష్మీపతి. హాల్లో నవ్వులు.

త్రివేణి ఇంగ్లీషులోకి మారింది. "కిందటేడు ఫిబ్రవరి మొదటి మంగళవారం మాకు సూర్యుడి పండగ. ఆ రోజు ఆరుబయట పిడకల మీద పాలు పొంగించాలి. పిడకలంటే ఎండబెట్టిన ఆవుపేడ. వాల్టర్ గారి కొట్టం దక్షిణపు గోడ మీద అంతకుముందు అక్టోబరులో గుండ్రంగా, అయిదు వేళ్ళ గుర్తులతో ముప్ఫై మచ్చలు కనిపించాయి, గుర్తుందా?"

"అది ఏదో పూజ అనుకున్నాను," అన్నాడు వాల్టర్. "తుడవకుండా ఉంచాను."

"చంద్రిక ఆంటీ, నేనూ కలిసి కొట్టిన పిడకలవి. పండగ పొద్దున నేను క్లినిక్‌కు వెళ్తూ ఆగాను. గాలి అటు వీస్తోంది కాబట్టి పది నిమిషాలు, మాస్కుతో, మంటకు దూరంగా అని ఒప్పుకున్నాను. ఆమె వరండాలో మూడు దుప్పట్లు కప్పుకొని కూర్చుంది. అంకుల్ మంచు తవ్వి, ఇటుకలు పెట్టి, పిడకలు వెలిగించారు. పొగగొట్టం నుంచి రాలేదు నిజమే. వాకిట్లోంచి వచ్చింది. నా కళ్ళతో చూశాను."

లక్ష్మీపతి తల దించుకున్నాడు. అంత చలిలోనూ ఎండ కళ్ళు మిరుమిట్లు గొలిపేలా ఉందా రోజు. ఇత్తడి గిన్నెలో పాలు తూర్పు వైపుకే పొంగాయి. చిక్కుడాకులు దొరక్క, అక్టోబరులో పుస్తకాల మధ్య దాచిన ఎర్రటి మేపుల్ ఆకుల మీద పరమాన్నం పెట్టింది చంద్రిక. త్రివేణి వెళ్ళాక బెల్లం సరిపోలేదని తనను లోపలికి పంపింది. డబ్బా వెతికి బయటికి వచ్చేసరికి మాస్కు పైకెత్తి కళ్ళు తుడుచుకుంటోంది. ఏమైందంటే పొగ అంది.

"డాక్టరు గారిని అనుమానించడం లేదు," అన్నాడు క్రెగ్. "కానీ ఆమె వాళ్ళ స్నేహితురాలు. ఇంకెవరైనా చూశారా? ఊళ్ళో ఒక్కరైనా?"

వాల్టర్ నోరు తెరవబోయి, సంత గుర్తొచ్చి మూసుకున్నాడు.

అప్పుడు రూత్ పక్కన మినిట్స్ రాస్తున్న ఊరి గుమాస్తా డొరతీ పెన్ను కింద పెట్టింది. లేచి, మూలనున్న ఇనప బీరువా తెరిచి, ఒక ఫైలు తీసి, కళ్ళజోడు సర్దుకొని, కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. ఆమె తొందరపడే మనిషి కాదు. చివరికి ఒక కాగితం దగ్గర ఆగింది.

"ఫిర్యాదుల ఫైలు," అంది. "కిందటేడు ఫిబ్రవరి, మొదటి మంగళవారం. చదువుతాను. 'ఇవాళ ఉదయం ఎనిమిది గంటలకు సరిహద్దు రాళ్ళ పక్కనున్న ఇంటి నుంచి దట్టమైన, విచిత్రమైన వాసనగల పొగ లేచి, మా అతిథుల అల్పాహారానికి తీవ్ర అసౌకర్యం కలిగించింది. ఆ పొగ మా భోజనశాల కిటికీలోంచి స్పష్టంగా కనిపించింది. తగిన చర్య తీసుకోగలరు.'" డొరతీ కాగితం తిప్పి హాలుకు చూపించింది. "సంతకం, క్రెగ్ గారిది."

ముందు నోరా నవ్వింది. ఆపుకోవాలని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ ఆగలేదు. తరవాత వాల్టర్. ఆ తరవాత హాలంతా. పైకప్పు మీద పేరుకున్న మంచు ఒక పలక జారి దబ్బున పడింది. స్మృతి కళ్ళలో నీళ్ళతోనే నవ్వుతూ, "క్రెగ్ సా ఇట్! నాన్నా, క్రెగ్ చూశాడు!" అంటూ తండ్రి భుజం కుదిపేసింది.

క్రెగ్ మొహం చెవుల దాకా ఎర్రబడింది. చేతిలో కాగితాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. లక్ష్మీపతి తన ముందున్న నీళ్ళ గ్లాసు అతని వైపు జరిపాడు. క్రెగ్ దాని వంక కాసేపు చూసి, తీసుకొని తాగాడు.

"రాసిన సంగతే మరిచిపోయాను," అన్నాడు మెల్లగా. తరవాత గొంతు సవరించుకొని, "ఆ ఇంటి మట్టుకు నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. పుస్తకం దిద్దితే చాలు," అన్నాడు.

"పుస్తకం దిద్దాల్సింది రాసిన చెయ్యే," అంది రూత్. "ఎల్స్‌బెత్, మీరు కాస్త..."

అందరూ కిటికీ పక్కకు తిరిగారు. ఎల్స్‌బెత్‌కు ఎనభై ఎనిమిదేళ్ళు. ఉన్ని శాలువలో చిన్నగా ముడుచుకొని, పొద్దుటి నుంచి ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చొని ఉంది. ఇందాక హాలంతా నవ్వినప్పుడు కూడా ఆమె నవ్వలేదని లక్ష్మీపతి అప్పుడు గుర్తించాడు. డొరతీ పొగ పుస్తకం తెచ్చి ఆమె ఒడిలో తెరిచి పెట్టి, పక్కన పెన్సిలు ఉంచింది.

ఎల్స్‌బెత్ పెన్సిలు తీసుకోలేదు.

"దిద్దను," అంది.

"ఎల్స్‌బెత్, పొగ వచ్చిందని ఇప్పుడే తేలింది కదా. మీకు కనిపించకపోవడం తప్పేం కాదు..."

"కనిపించింది." ఆమె తలెత్తింది. "చూపు లేని ముసలిదాన్ని అనుకుంటున్నారా? గేటు దగ్గర నిలబడి చూశాను. మంట చూశాను, పాలు పొంగడం చూశాను. పుస్తకం తెరిచి పేరు రాయబోయాను. ఆమె లేచి, ఆ దుప్పట్లతోనే మంచులో నడిచి గేటు దాకా వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. రాయొద్దని బతిమాలింది."

లక్ష్మీపతికి బెల్లం డబ్బా మూత చేతిలో ఉన్నట్టే అనిపించింది. వంటింట్లో ఎంతసేపున్నాడు? అయిదు నిమిషాలు. గేటు దగ్గర మంచులో అడుగుల గుర్తులు చూసి కూడా, పాలు పోసే అతనివి అనుకున్నాడు.

"మరి మార్చిలో బొమ్మకి ఎందుకు కూర్చుంది?" స్మృతి తెలుగులోనే అడిగింది. ఆమెకు తెలియకుండానే ఆ భాష వచ్చింది. "నాన్నా, అమ్మ ఎందుకు నవ్వింది మరి?"

ఆ హాల్లో ఆ ప్రశ్న అర్థమైనవాళ్ళు ముగ్గురే.

లక్ష్మీపతి లేచాడు. కుర్చీల మధ్య నుంచి నడిచి, ఖాళీ కుర్చీ ఒకటి లాక్కొని ఎల్స్‌బెత్ ఎదురుగా వేసుకున్నాడు. ఆమె వెనక గోడ మీద బొగ్గుగీతల్లో చంద్రిక, అరచేతిలో కుక్కర్ వెయిట్‌తో, ఆయన వంకే చూసి నవ్వుతోంది.

"ఎందుకు వద్దందో చెప్పిందా?" అన్నాడు.

"చెప్పింది. నీకు చెప్పొద్దని మాట తీసుకుంది."

"ఇంతసేపూ ఈ ఊరి మాట వినలేదు. ఇక ఆమె మాటా వినను." ఆయన కూర్చొని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "చెప్పండి. చెప్పేదాకా ఈ కుర్చీలోంచి లేవను."

"ఊరందరి ముందా?"

"ఊరందరి ముందే."

ఎల్స్‌బెత్ పుస్తకం మూసింది. ఆమె చూపు లక్ష్మీపతిని దాటి, హాలు మధ్యలో నిలబడి ఉన్న స్మృతి మీద ఆగింది.

"అయితే ముందు ఆ అమ్మాయిని కూర్చోమను," అంది.